కరుణమ్మ గారి ఫోనులో ఈల

ఆ రోజు పొద్దున ఎనిమిది గంటలకి, బస్టాండు సెంటర్లో పాతిక ముప్ఫైమంది చూస్తుండగా, ఏ తప్పూ చెయ్యని ఒక మనిషిని నోటికొచ్చినట్టు తిట్టి అతని టెలిఫోన్ బూత్ లైను పీకించేశాను. అతని పేరు సత్తిబాబు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. వికలాంగుల కోటాలో వచ్చిన ఆ ఎస్టీడీ బూత్ ఒక్కటే అతని బతుకుతెరువు. నేను ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి జేటీవోని, అంటే జూనియర్ టెలికం ఆఫీసర్ని. ఊళ్ళో ఏ ఫోను మోగాలో ఏది మోగకూడదో తేల్చేది నేనేనన్న భ్రమలో కాలరెత్తుకు తిరిగేవాణ్ణి.

ఊరి పేరు చెప్పను. ద్రాక్షారామం నుంచి కాలవగట్టు మీద బస్సులో అరగంట, అంతవరకూ చాలు. తొంభైల చివరి రోజులు. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "మీ రోజుల్లో ఎలా ఉండేదండి?" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల గురించి చెప్పుకోవడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. ఫారాల గురించి వినే ఓపిక వాళ్ళకి లేదు. కాబట్టి నాకు తలవంపులు తెచ్చిన సంగతే రాస్తున్నాను. మనుషులు కాకుండా మిషన్లు చేసే ఫోన్ల గురించి నాకు తెలిసిందల్లా ఆ తలవంపుల్లోనే నేర్చుకున్నాను.

గడియారం పెట్టుకుని చూసిన టీచరు

కరుణమ్మ గారు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరు. చర్చి వీధిలో ఒక్కరే ఉండేవారు. ఆవిడకి ఫోను ఇచ్చింది నేనే. వెయిటింగ్ లిస్టులో రెండేళ్ళు ఎదురుచూశారని పాస్టరు గారు నాతో అంటే, నాలుగు రోజుల్లో లైను వేయించాను. ఆవిడ సంతోషపడి కాజాల పొట్లం పంపితే, ఊరికి నేనే ఫోను కనిపెట్టినట్టు తిన్నాను.

రెండు వారాలకి ఆవిడ ఆఫీసుకొచ్చారు.

"రోజూ పొద్దున ఏడున్నరకి మొదలవుతుందండి. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. ఒక ఈల. ఆగుతుంది. మళ్ళీ ఈల. పెట్టేస్తే ఐదు నిమిషాలకి మళ్ళీ మోగుతుంది. అలా నాలుగైదుసార్లు."

"మీకెవరైనా తెలిసినవాళ్ళా అమ్మా?" అన్నాను.

ఆవిడ నా వంక ఒక క్షణం చూశారు. క్లాసులో తప్పు లెక్క చేసిన పిల్లని అలాగే చూసేవారేమో.

"తెలిసినవాళ్ళయితే వాళ్ళింటికే వెళ్దును కదండీ. మీ దగ్గరికెందుకొస్తాను?" అన్నారు. తర్వాత, నేను ఏమీ అడక్కుండానే, "ఇంకోటండి. ఈలకీ ఈలకీ మధ్య సరిగ్గా మూడు సెకన్లు. గడియారం పెట్టుకుని చూశాను" అన్నారు.

ఆ ఒక్క ముక్క చాలు. ఏ పోకిరీ కూడా గడియారం ప్రకారం ఈల వెయ్యడు. మా శాఖలో చేరి వారం తిరగని వాడైనా ఆ మాటకి చెవి నిక్కించేవాడు. పాతికేళ్ళ సర్వీసున్న నేను "అలాగా" అని పేపరు తిరగేశాను.

చెయ్యవలసిన పని చిన్నదే. మర్నాడు ఏడున్నరకి ఎక్స్ఛేంజికి వెళ్ళి, ఆవిడ లైను మీద టెస్టు ఫోను తగిలించి, నా చెవితో నేను వినాలి. కాని నేను ఎక్స్ఛేంజి మొహం చూసేది పదింటికి. పొద్దున్నే లేచి వెళ్ళడం బద్ధకం. ఆ బద్ధకానికి అనుభవం అని పేరు పెట్టుకుని, మా లైన్‌మన్ నూకరాజుని పిలిచి విచారణ మొదలెట్టాను.

"ఈలంటే ఇంకెవరండి? సత్తిబాబేనండి" అన్నాడు నూకరాజు. "రోజంతా ఈలేసుకుంటానే ఉంటాడండి. బూత్ తెరిచేది ఏడున్నరకేనండి."

నిజమే. సత్తిబాబు ఈల బాగా వేస్తాడు. మొత్తం పాట వేస్తాడు, మధ్యలో వచ్చే ఫ్లూటుతో సహా. బూత్ కిటికీలోంచి చూస్తే చర్చి వీధి మలుపు కనబడుతుంది. ఇంకేం కావాలి నాకు? కేసు తేలిపోయింది.

బస్టాండు సెంటర్లో

మర్నాడు పొద్దున నూకరాజుని వెంటేసుకుని వెళ్ళాను. టీ కొట్టు దగ్గర జనం పేపరు చదువుతున్నారు. బస్సు కోసం స్కూలు పిల్లలు నిలబడ్డారు. నాకు జనం ఉండడమే కావాలి.

"ఏరా, ఆడవాళ్ళకి ఫోన్ చేసి ఈలలేస్తావా?"

సత్తిబాబు వేళాకోళం అనుకున్నాడు. "ఏ పాటకండి?" అన్నాడు నవ్వుతూ.

టీ కొట్టు దగ్గర నలుగురు పకపకా నవ్వారు. ఆ నవ్వు నా మీదేనని తోచింది. అక్కడితో ఒళ్ళు తెలియలేదు. అతని పుట్టుక దగ్గర్నుంచి కాలి దాకా ఏం మాటలన్నానో ఇక్కడ రాయలేను. రాయడానికే సిగ్గయ్యే మాటల్ని నలుగురిలో అనగలిగాను. చివరికి "నూకరాజూ, పీకెయ్" అన్నాను.

అప్పుడు అర్థమైంది అతనికి. కర్ర కూడా తీసుకోకుండా గోడ పట్టుకుని బయటికొచ్చాడు. "బాబూ, ఎవరికండి? ఆవిడెవరో చెప్పండి. వెళ్ళి నేనే అడుగుతాను, నా గొంతో కాదో చెప్పమని."

"ఆడకూతురి పేరు నీకు చెబుతానట్రా?" అన్నాను. అది చాలా గొప్ప మాటనిపించింది అప్పుడు. ఒకరి పరువు కాపాడుతున్నాననుకుంటూ ఇంకొకరి పరువు రోడ్డు మీద పారేశాను.

ఇంటికొచ్చి నా ప్రతాపమంతా మా ఆవిడ సుభద్రకి చెప్పాను. ఆవిడ చట్నీ వడ్డిస్తూ "అతనేనని మీకెలా తెలిసింది?" అంది. "సర్వీసు" అన్నాను. నాలుగు ఇడ్లీలు తిన్నాను.

సెట్టు ఎత్తగానే

మూడో రోజు కరుణమ్మ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"ఆయన బూత్ ఎందుకు మూయించారండి? నేను ఆయన పేరు చెప్పానా?"

"మీకెందుకమ్మా, ఇంక రావు ఆ ఫోన్లు."

"నిన్న వచ్చాయి. ఇవాళా వచ్చాయి."

"వేరే చోటు నుంచి చేస్తున్నాడేమో."

"అంటే ఆ కాలు సరిగా లేనాయన పొద్దున్నే బస్సెక్కి, వేరే ఊరెళ్ళి, అక్కణ్ణుంచి నాకు ఈలేసి, మళ్ళీ బస్సులో వచ్చేస్తున్నాడంటారా?" అన్నారు. "రేపు ఏడున్నరకి మీరు మా ఇంటికి రండి. మీరే ఎత్తండి."

వెళ్ళాను. ఏడు ముప్ఫై రెండుకి మోగింది. ఎత్తాను.

కూ. మూడు సెకన్లు. కూ.

మొదటి కూతకే నాకు తెలిసిపోయింది. అది ఫ్యాక్సు మిషను. అవతల మరో ఫ్యాక్సు ఉందేమోనని వెతుక్కుంటూ చేసే కూత. మా ఆఫీసులో పూల గుడ్డ కప్పిన ఫ్యాక్సు మిషను నా బల్ల పక్కనే ఉంటుంది, రోజుకి పదిసార్లు వింటాను. కరుణమ్మ గారు "ఎవరండి?" అంటున్నారు. సెట్టు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను.

"మిషనమ్మా" అన్నాను చివరికి.

"మనిషి కాదా?"

"కాదు."

ఆవిడ నా చేతిలోంచి సెట్టు తీసుకుని పెట్టేశారు. తర్వాత "మరి ఆయన?" అన్నారు.

నేను కుర్రతనంలో రాజమండ్రి ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరినప్పుడు అనసూయ గారని మాకు సూపర్‌వైజరు ఉండేవారు. మమ్మల్ని కళ్ళు మూసుకోమని, హెడ్‌ఫోనులో ఒక్కొక్క టోను వినిపించి, అదేంటో చెప్పమనేవారు. "లైను మీద ఏముందో నీ చెవితో ఒక నిమిషం విను. ఆ తరవాతే కలం పట్టుకో" అని రోజుకోసారి చెప్పేవారు. ఆవిడ పెట్టిన పరీక్షలో బ్యాచ్ మొత్తంలో నేనే ఫస్టు. ఆ సంగతి చాలామందికి చెప్పుకున్నాను. ఆవిడ చెప్పిన ఆ ఒక్క నిమిషం మాత్రం సత్తిబాబు విషయంలో నాకు దొరకలేదు.

రొయ్యల ధరలు

ఆ మిషను ఎవరిదో తెలియాలి. మర్నాడు మా ఆఫీసు ఫ్యాక్సు మిషన్ని రిక్షాలో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని, కరుణమ్మ గారింటికి తీసుకెళ్ళి ఆవిడ లైనుకి తగిలించాను. ఏడున్నరకి ఫోను మోగింది. మా మిషను జవాబిచ్చింది. రెండు మిషన్లూ ఎన్నాళ్ళకో కలుసుకున్న చుట్టాల్లా కాసేపు కీచుమని, వెచ్చటి కాయితం ఒకటి బయటికి తోశాయి.

కరుణమ్మ గారు చదివారు. "ముప్ఫై కౌంటు, నలభై కౌంటు... ఇవేంటండి?"

రొయ్యల ధరలు. కౌంటంటే కిలోకి తూగే రొయ్యల లెక్క. సముద్రం వైపున్న ఒక రొయ్యల కంపెనీ రోజూ పొద్దున్నే ఆ రోజు కొనే ధరలు తన ఏజెంట్లందరికీ పంపుతోంది. మిషన్లో నంబర్లు ఎక్కించి ఉంచితే అదే వరసగా తిప్పుతుంది. జవాబు రాకపోతే ఐదు నిమిషాలాగి మళ్ళీ తిప్పుతుంది. కాయితం పైన మా ఊరి ఏజెంటు పేరుంది. అతను చెరువులు మానేసి ఫోను సరెండర్ చేసి వెళ్ళిపోయాడు.

వదిలేసిన నంబరుని కొన్ని నెలలు ఎవరికీ ఇవ్వకూడదు. పాతవాళ్ళ కోసం వచ్చే ఫోన్లు ఆగేదాకా దాన్ని ఖాళీగా ఉంచాలి. అది రూలు. ఆ ఏజెంటు నంబరుని వారం తిరక్కుండా ఇంకొకరికి ఇచ్చేసిన ఘనుడెవరో తెలుసుకుందామని రిజిస్టరు తెరిచాను. కింద ఉన్నది నా సంతకమే. కాజాలు తిన్నది ఆ సంతకానికే.

కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తిన గుమస్తా "ఆ నంబర్లు ఎక్కించినాయన మానేసి వెళ్ళిపోయాడండి. తియ్యడం మాకెవరికీ రాదు. భయమండి, అన్నీ పోతాయేమోనని" అన్నాడు. రెండు బస్సులు మారి నేనే వెళ్ళి, నాలుగు బటన్లు నొక్కి ఆ నంబరు తీసేసి వచ్చాను. గుమస్తా చేతులు కట్టుకుని చూసి "ఇంతేనాండి!" అన్నాడు. అవును, ఇంతే.

తరవాత రోజుల్లో మిషను ఫోన్లు ఇంకా పెరిగాయి. ఎన్నికలొస్తే రికార్డు చేసిన నాయకుల గొంతులు ఇంటింటికీ మోగేవి. ఒక పెద్ద రైతు ఆఫీసుకొచ్చి "అంతటాయన నాకు ఫోన్ చేశాడు కదాని, శివారు పొలాలకి నీళ్ళు రావట్లేదండయ్యా అని చెబుతా ఉంటే, నా మాటకి అడ్డమొచ్చి, తన మాటే చెప్పుకుని పెట్టేశాడండి. ఇదేం మర్యాదండి?" అని నిలదీశాడు. అది రికార్డు అని చెబితే ఇంకా బాధపడ్డాడు. మాట్లాడినవాడికి వినే చెవి లేదని తెలిసి. నాకు నవ్వు రాలేదు. వినకుండా తన మాటే చెప్పి లైను కోసేసిన పెద్దమనిషిని ఒకణ్ణి నేను అద్దంలో రోజూ చూస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది ఇదే. ఫిర్యాదు చేసింది ఆడమనిషైతే ఆవిడ పరిచయాల గురించి అడక్కండి, చప్పుడు గురించి అడగండి. ఎంతసేపు, ఎన్నిసార్లు, ఏ వేళకి, మాట్లాడితే ఆగుతోందా. మిషను మీ మాటకి ఆగదు, మనిషి ఆగుతాడు. అన్నిటికన్నా ముందు మీరు వెళ్ళి వినండి. ఊళ్ళో వాళ్ళకి ఎవరి మీద అనుమానమో అది చిట్టచివరికి వినాల్సింది. నేను అదే మొదట విన్నాను.

ఇదంతా ముందు రాసేశానంటే, తరవాత రాయవలసింది రాయడం కష్టంగా ఉండడం వల్లే.

మైకు, చెవి

జరిగింది మా పై ఆఫీసరుతో చెప్పాను. "పోనీలేవయ్యా. లైను మళ్ళీ ఇచ్చెయ్. కాయితం మీద ఏమీ లేదుగా!" అన్నాడాయన. నన్ను తిట్టిన ఆఫీసర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళెవరూ నాకు ఇంత చెడుపు చెయ్యలేదు. ఆ మాట పట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి, సెంటర్లో కుక్క కూడా లేని వేళ చూసుకుని బూత్‌కి వెళ్ళాను. నూకరాజు తీగ కలిపాడు. నేను వంగి, "పొరపాటైందయ్యా సత్తిబాబూ, ఏమనుకోకు. అది ఫ్యాక్సు మిషను" అన్నాను మెల్లగా.

సత్తిబాబు డయల్ టోను విని, రిసీవరు పెట్టి, నా వంక చూశాడు.

"తిట్టడం మైకులోనూ, పొరపాటనడం చెవిలోనూనాండి?" అన్నాడు.

నేను తీగ సర్దుతున్న నూకరాజు వంక చూశాను.

"మీరు లైను ఇచ్చారండి. ఎవరొస్తారు దీనికి? నా బేరమంతా ఆడవాళ్ళదండి. కూతుళ్ళు మస్కట్లో, కువైట్లో. మొగుళ్ళు దుబాయిలో. ఈ గాజు తలుపు వేసుకుని ఏడ్చుకునేవారండి. ఈలలేసేవాడి గదిలోకి ఏ ఆడమనిషొచ్చి తలుపేసుకుంటుందండి?"

నిజంగానే ఎవరూ రావడం లేదు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఈ బూత్ వదిలేసి కాలవ అవతలున్న ఇంకో బూత్‌కి నడుస్తున్నారు. నేను పీకించినది తీగ కాదు, మళ్ళీ కలిపితే వచ్చెయ్యడానికి. ఇలాగే ఇంకో నెల గడిస్తే సత్తిబాబు బూత్ మూసేసుకోవాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర సుభద్రకి మొత్తం చెప్పాను. "అతను మాటలు పడింది ఎనిమిదింటికి. మీరు మూడింటికి వెళ్ళారా?" అంది. నా కంచంలో మజ్జిగ పోస్తూ, "రేపు నేనూ వస్తాను. మా అక్కతో మాట్లాడి చాలా రోజులైంది" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సెంటర్లో నిలబడ్డాను. టీ కొట్టు దగ్గర పేపరు చదివేవాళ్ళందరూ ఉన్నారు. వాళ్ళ వైపు తిరిగి గట్టిగా మొదలెట్టాను.

"ఆ రోజు నేను సత్తిబాబు గారిని అన్న మాటలు తప్పు. ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. అది ఫ్యాక్సు మిషను. తప్పు నంబరు ఇచ్చింది నేను. వినకుండా తిట్టింది నేను."

"గారు అనకండి బాబూ, ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాడు సత్తిబాబు లోపల్నుంచి.

సుభద్ర గాజు తలుపు తోసుకుని లోపలికెళ్ళి, తలుపేసుకుని, తణుకులో ఉన్న వాళ్ళక్కతో పది నిమిషాలు మాట్లాడింది. జేటీవో గారి భార్య, ఇంట్లో శాఖవారి ఉచిత ఫోను ఉండగా, ఎస్టీడీ బూత్‌కి వచ్చి మాట్లాడడం ఊళ్ళో పెద్ద వింత. అదే మాకు కావలసింది.

ఒక్క రోజుతో పోయే మాటలా అవి? అందుకని రోజూ వెళ్ళేవాళ్ళం. రోజూ ఎవరో ఒకరు "ఏంటి జేటీవో గారూ, మీ ఇంట్లో ఫోను పాడైందాండి?" అనేవారు. "ఫోను బాగానే ఉందండి, నేనే పాడుపని చేశాను" అని మొదలెట్టి మొత్తం చెప్పేవాణ్ణి. పది రోజులకి సుభద్ర "మీ తప్పుకి నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి. అక్కయ్య కూడా విసుక్కుంటోంది, రోజూ ఏం మాట్లాడతావే అని" అంది. అయినా మానలేదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక కరుణమ్మ గారు చర్చి నుంచి నలుగురు ఆడవాళ్ళతో వచ్చారు. నేను అప్పుడు ఎవరికో కథ చెబుతున్నాను, "ఒక సబ్‌స్క్రైబరు" అంటూ. ఆవిడ మధ్యలో ఆపేశారు.

"ఒక సబ్‌స్క్రైబరు కాదు, నేనే. ఆ ఈల నా ఫోనుకే వచ్చింది. మిషనుదే. నేను విన్నాను" అని గట్టిగా చెప్పి, వెనక్కి తిరిగి, "అప్పాయమ్మా, మీ అమ్మాయికి చెయ్యాలన్నావుగా, వెళ్ళు" అన్నారు. అప్పాయమ్మ కొంగు సర్దుకుని, సత్తిబాబు వంక ఒకసారి చూసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. కరుణమ్మ గారి పేరు దాచడమే గొప్పతనమనుకున్న నేను, ఆవిడే తన పేరు చెప్పుకోవడం చూస్తూ నిలబడ్డాను.

నెలా పదిహేను రోజులు అలా గడిచాయి. ఒక రోజు నేను వెళ్ళేసరికి బూత్ ముందు నలుగురు ఆడవాళ్ళున్నారు. లోపల అప్పాయమ్మ మస్కట్ దాకా ఫోను అక్కర్లేకుండానే వినబడేటట్టు మాట్లాడుతోంది. ఐదోవాణ్ణి నేను. అప్పుడే బస్సు దిగిన ఒకాయన "జేటీవో గారూ, మీరిక్కడేంటండి? మీ ఇంట్లో ఫోను లేదా?" అన్నాడు. నేను నోరు తెరిచాను.

"ఆయనది పెద్ద కథండి, మొదలెడితే ఆపరు" అన్నాడు సత్తిబాబు కిటికీలోంచి. "మీకేం కావాలి? లోకలా, ఎస్టీడీయా?" తరవాత నా వైపు తిరిగి, "రేపట్నుంచి మీరు రాకండి జేటీవో గారూ. మీరు మధ్యలో నిలబడితే వెనకవాళ్ళకి ఆలస్యమైపోతోంది. అక్కడ వాళ్ళ పిల్లలకి డ్యూటీ టైము" అన్నాడు.

క్షమించానని అతను అనలేదు. నేను అడగలేదు. పక్కకి తప్పుకుని, వెనకున్నావిడకి చోటిచ్చి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకే ఎక్స్ఛేంజికి వెళ్ళి, సత్తిబాబు లైను మీద టెస్టు ఫోను తగిలించి, డయల్ టోను శుభ్రంగా వస్తోందని విన్నాక ఆ రోజు పని మొదలెట్టాను. నన్ను ఆ ఊరి నుంచి బదిలీ చేసేదాకా రోజూ అదే నా మొదటి పని.